సంచిలో శరణు

కైమాలూ, దక్షిణ కోనా
ఏప్రిల్ 9

అక్కకి,

నువ్వు పంపిన సంచి చేరింది. విప్పగానే నాకు చాలా నచ్చింది. గుడ్డ మందంగా ఉంది, పిడులు గట్టిగా ఉన్నాయి, ఒక బుట్టెడు చేమదుంపలైనా మోసేలా ఉంది. దాన్ని తిరగేసి, అవతలి వైపు బొమ్మ చూసేదాకా అంతా బాగానే ఉంది.

అక్కా, అదేమిటో చూసే పంపావా? అది మా శరణుగోడ, పూర్వం తప్పు చేసినవాళ్ళు పారిపోయి వచ్చి ప్రాణం దక్కించుకున్న చోటు. మా ఇంటి నుంచి పడవలో అరగంట దూరం. ఆ నల్లరాతి గోడ, కొబ్బరిచెట్లు, నోళ్ళు తెరుచుకుని నిలబడ్డ కొయ్య దేవుళ్ళు, వెనకాల ఎర్రటి సూర్యాస్తమయం, అన్నీ ఉన్నాయి. అత్త సంచిని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుగులోకి తీసుకెళ్ళి చూసింది.

"దీన్లో ఏం వేసుకోవాలంట?"

"కూరగాయలు, అత్తా."

"అంటే మా పెద్దల ఎముకలున్న చోట నువ్వు ఉల్లిపాయలు పోస్తావన్నమాట."

ఈ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలైనా అత్త ముందు ఒక్క మాట పూర్తిగా చెప్పింది లేదు. సగం ఆమె ముందు అంటాను, మిగతా సగం వంటింట్లోకి వెళ్ళి గిన్నెలకి చెప్పుకుంటాను. మా ఆయన నాహోవా మాత్రం నవ్వాడు.

"అమ్మా, గుడ్డ సంచే కదా!"

"మీ నాన్న ఫొటో కాగితమే కదా. దాన్లో చేపలు చుట్టనా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత సాయంత్రం దాకా సంచిని ఏం చెయ్యాలన్నదే మాట. పారెయ్యకూడదు, అది శరణుగోడ. వాడకూడదు, అది శరణుగోడ. మడతపెడితే గోడ మధ్యలో విరుగుతుంది. నేలమీద పెడితే కుక్క పడుకుంటుంది. చివరికి మామగారి ఫొటో పక్కన మేకు కొట్టి తగిలించారు. ఆదివారం మామగారికి పూలదండ వేసినప్పుడు అత్త కాసేపు ఆలోచించి సంచికీ ఒకటి వేసింది. బొమ్మ తీసినవాడు ఎవరినైనా అడిగి తీశాడా అని నిన్ను కనుక్కోమంది.

ఇంకొకటి. అమ్మ నా పెళ్ళికని కుట్టిన సీమపనస ఆకుల బొంత ఎప్పుడు పంపుతావు? విమానం రద్దయి నువ్వు పెళ్ళికి రాలేకపోయావని ఇక్కడ అందరికీ చెప్పాను. బొంత కూడా విమానంలోనే ఆగిపోయిందా అని అత్త అడుగుతోంది. ఇవన్నీ ఫోనులో చెప్పలేను. ఫోను వంటింట్లో, అత్త కుర్చీ పక్కనే ఉంటుంది.

నీ చెల్లి
ఉయిలాని


కలిహి, హొనొలులు
ఏప్రిల్ 20

ఉయీ,

సంచికి దండ వేశారని చదివి కొట్లో గట్టిగా నవ్వితే మా యజమానురాలు వచ్చి ఏమైందని అడిగింది. చెప్పలేదు. ఆ సంచుల్ని మేము రోజుకి ముప్పై అమ్ముతాం. నిన్న ఒకావిడ అందులో కుక్కపిల్లని వేసుకుని వెళ్ళింది. కుక్కపిల్ల తల సూర్యుడి పైనుంచి బయటికి వచ్చింది. మీ అత్తకి ఈ సంగతి చెప్పకు. బొమ్మ తీసినవాడు ఎవర్నీ అడగలేదట, మూడు రోజులు వెలుగు కోసం కాచుకున్నాడట. వెలుగుని అడిగాడు, మనుషుల్ని కాదు.

చెల్లీ, నీకు సంచి పంపింది నువ్వు మోస్తావని. నీ నోరు కూడా ఆ మేకుకే తగిలించావా ఏమిటి? మాట్లాడవే.

ఇక్కడ వానలు. బొంత ఆరబెట్టాలి. ఆరాక చూద్దాం.

హినానో


కైమాలూ
మే 14

అక్కకి,

ఈ ఉత్తరం చదివాక చించెయ్యి.

దంపుడు రాయి విరగ్గొట్టాను.

అత్త చేతికి ఆమె అత్త నుంచి వచ్చిన రాయి. ఏడు తరాల కోడళ్ళు చేమదుంపలు దంచిన రాయి. కొత్త కోడలు ఇంట్లో ఏడాది నిండాక, ఆగస్టులో ఓపెలు చేపల వేట మొదలయ్యే రోజు విందులో, అత్త ఆ రాయిని కోడలి చేతిలో పెడుతుంది. కోడలు ఊరందరి ముందూ దంచి ముద్ద చేసి పెట్టాలి. ముద్ద నున్నగా వస్తే ఆమె ఈ ఇంటి మనిషి. సరిగా రాని కోడళ్ళ పేర్లు మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ళు పోయి నలభై ఏళ్ళయినా సరే.

నాకు భయం వేసింది. అత్త దంచడం చూసి నేర్చుకుందామంటే, ఆమె శనివారం శనివారం దంపుడు కొట్టంలోకి ఒక్కతే వెళ్ళి తలుపు వేసుకుంటుంది. "నీ చెయ్యి ఇంకా పండలేదు, బయట ఉండు" అంటుంది. అందుకని బుధవారం ఆమె చర్చి పాటలకి వెళ్ళినప్పుడు రెండు దుంపలు ఉడకబెట్టి కొట్టంలోకి వెళ్ళాను. మొదటి దెబ్బ బాగానే పడింది. రెండో దెబ్బకి చేతి జిగురుకి రాయి జారి గడప రాతి మీద పడింది. పిడి ఒకవైపు, అడుగు ఒకవైపు.

పారెయ్యడానికి మనసు రాలేదు, దాచడానికి చోటు లేదు. ఈ ఇంట్లో అత్త చెయ్యి పెట్టని చోటు ఒక్కటే ఉంది. రెండు ముక్కల్నీ నీ సంచిలో వేశాను.

అసలు భయం ఇప్పుడు చెబుతాను. శనివారం వచ్చింది. అత్త కొట్టంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రాయి లేదని అరుస్తుందని నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. అరవలేదు. కాసేపటికి లోపల్నుంచి దంపుడు చప్పుడు వచ్చింది! ధబ్, ధబ్, ధబ్. గంటసేపు. తర్వాత గిన్నెనిండా ముద్ద తీసుకుని బయటికి వచ్చి నుదురు తుడుచుకుంది. నేను లోపలికి పరుగెత్తి సంచి తడిమి చూశాను. రాయి సంచిలోనే ఉంది.

అక్కా, లేని రాయి ఎలా దంచుతుంది? ఏడు తరాల కోడళ్ళూ వచ్చి దంచి వెళుతున్నారేమో. ముద్ద మాత్రం ఎప్పటిలాగే నున్నగా ఉంది. తినలేకపోయాను.

ఉయిలాని


కలిహి
మే 25

ఉయీ,

ఉత్తరం చించలేదు, మూడుసార్లు చదివాను.

మీ అత్త ముందు కూర్చుని, "రాయి విరిగింది, నా చేతిలోనే విరిగింది" అని చెప్పేసెయ్యి. అంతే. దాచినకొద్దీ తప్పు ఊరుతుంది. తప్పుని పెద్దవాళ్ళ ముందు ఒప్పుకోవడంలో సిగ్గేముంది చెప్పు?

అది చేతకాకపోతే దీనితోపాటు జిగురు గొట్టం పంపుతున్నాను. పడవలకి వాడేది. రెండు ముక్కలకీ రాసి, నిలబెట్టి, రాత్రంతా కదపకు.

బొంత గురించి మళ్ళీ అడిగావు. ఇంకా వానలే.

హినానో


కైమాలూ
జూన్ 17

అక్కకి,

నీ జిగురు చాలా మంచిది. అదే కష్టమైంది.

ముక్కలు రెండూ అతికాయి, గీత కూడా కనబడటం లేదు. ఎండే దాకా ఎవరికీ కనబడకూడదని సంచిలోనే నిలబెట్టాను. జిగురు కిందికి కారి రాయి అడుగు సంచి అడుగుకి అతుక్కుపోయింది. లాగితే రాలేదు. వేడినీళ్ళు పోద్దామంటే బొమ్మ పోతుంది. కత్తెర పెడదామంటే అది శరణుగోడ. రాయి కావాలంటే గోడ కొయ్యాలి, గోడ ఉండాలంటే రాయి లేదు. సరే, ఆగస్టు దాకా ఆలోచిద్దామని మళ్ళీ మేకుకి తగిలించాను. మేకు కొంచెం వంగింది.

మొన్న మంగళవారం మధ్యాహ్నం గడపలో కూర్చుని చేమాకుల ఈనెలు తీస్తున్నాను. మా చిన్నమామ, అంటే మామగారి తమ్ముడు కహెలే, తడిబట్టలతో నన్ను దాటుకుని ఇంట్లోకి దూకాడు. వెనకాల పదిమంది పడవలవాళ్ళు తెడ్లు పట్టుకుని వస్తున్నారు. అందరికంటే ముందు ఊరి పెద్ద పిలిపో తాత. ఎనభై రెండేళ్ళ మనిషి అంత వేగంగా నడవడం నేను చూడలేదు.

సంగతేమంటే, ఏప్రిల్ నుంచి జులై దాకా మా వాళ్ళు ఓపెలు చేపలకి మేత వేస్తారు. రోజూ పడవలో వెళ్ళి గుమ్మడికాయా, చేమదుంపా తురిమి దింపుతారు. చేపలు బిడ్డల్లాగా అలవాటవుతాయి. ఆ నాలుగు నెలలూ అక్కడ గాలం వెయ్యడానికి లేదు. చిన్నమామ వేశాడు.

"ఒక్కటే పట్టాను తాతా! మేత ఒంటబడుతోందో లేదో చూడ్డానికి! కడుపు కోస్తేనే కదా తెలిసేది!"

"బుట్టలో నలభై ఉన్నాయిరా!"

"ఒక్కదాని మాట మీద నమ్మకమేముంది?"

తెడ్లు లేచాయి. చిన్నమామ గోడకి ఆనుకున్నాడు. అటు మామగారి ఫొటో, ఇటు సంచి. చటుక్కున సంచి లాగి నెత్తిన బోర్లించుకున్నాడు, భుజాల దాకా.

"శరణు! నేను గోడ లోపల ఉన్నాను! దమ్ముంటే ముట్టుకోండి! ... అబ్బా!"

ఆ అబ్బా దేనికో నాకొక్కదానికే తెలుసు. ఏడు తరాల పిడి తలకిందులుగా ఆయన నడినెత్తిన పడింది. లోపల్నుంచి మూలుగు వినిపించింది. ఎవరూ ముట్టుకోలేదు, కొట్టలేదు, అయినా మనిషి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. తెడ్లన్నీ కిందికి దిగాయి.

"గోడ వాణ్ణి పలకరించింది," అన్నాడు పిలిపో తాత మెల్లిగా.

తర్వాత తగువు మొదలైంది. బొమ్మలో ఉన్న గోడ గోడేనా? ఒకడన్నాడు, "పూర్వం తప్పు చేసినవాడు అఖాతం ఈదుకుని గోడ చేరేవాడు. చేరితే రాజు కూడా ముట్టుకునేవాడు కాదు. వీడు ఈదాడా?"

"చెమటలో ఈదుకుంటూ వచ్చాన్రా!" అంది సంచి.

"ఇది కొట్లో అమ్మే గుడ్డ!"

పిలిపో తాత వాడికేసి తిరిగాడు. "గుడ్డే అయితే దాని మీద ఉమ్మెయ్యి. రా, అందరం చూస్తాం."

వాడు ముందుకొచ్చాడు. కొయ్య దేవుళ్ళ నోళ్ళు చూశాడు. వెనక్కి వెళ్ళాడు. అంతటితో తీర్పు అయిపోయింది. శరణు శరణే. అయితే పూర్వం లోపలికి వచ్చినవాణ్ణి పూజారి మాట చెప్పి శుద్ధి చేసి పంపేవాడు. మాట పడేదాకా బయటికి రాకూడదు. ఇక్కడ ఎవరు చెప్పాలి?

"సంచి ఎవరిది?" అన్నాడు తాత.

అందరూ నాకేసి తిరిగారు. నేను చేమాకుల బుట్టతో సహా పెరట్లోకి పారిపోయాను.

అందుకని చిన్నమామ మూడు రోజులు సంచిలోనే ఉన్నాడు. అంచు కొంచెం ఎత్తి అన్నం తిన్నాడు. ఎటు తిరిగితే అటు సూర్యాస్తమయం. "మరిదీ, కూర ఎలా ఉంది?" అని అత్త అడిగితే, "చీకట్లో అన్ని కూరలూ ఒకటే వదినా, నీ కూర మాత్రం చీకట్లోనూ తెలిసిపోతోంది" అన్నాడు. అత్త గరిటె ఎత్తి, బొమ్మ చూసి, దింపుకుంది.

మూడో రోజు మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళాను. సంచి నావైపు వంగింది.

"కోడలా, నా నెత్తిన గుచ్చుకుంటున్నదేమిటో తడిమి చూసుకున్నాను. మా అమ్మ చేతిలో చూసిన పిడి నేను మరిచిపోతానా? నువ్వు నాకో మాట చెప్పు, నేను నీ మాట చెప్పను."

మంచినీళ్ళ చెంబు ఆయన చేతిలో పెట్టి, "వెళ్ళండి" అన్నాను.

ఆయన సంచి తీసేసి, అత్తకీ నాహోవాకీ వినబడేలా అరిచాడు, "మాట పడింది!" నడినెత్తిన కోడిగుడ్డంత బొప్పి.

ఉయిలాని


కలిహి
జూన్ 26

ఉయీ,

మూడుసార్లు పగలబడి నవ్వాను. చివర్లో ఎందుకో నవ్వు రాలేదు.

నిన్న ఒకతను ఆ సంచి కొంటుంటే, "ముందు మీరేం తప్పు చేశారు?" అని అడిగాను. పాపం, నిజంగానే ఆలోచించాడు. మా యజమానురాలు నన్ను వెనక గదిలో సర్దే పనికి మార్చింది.

ఒక సంగతి అడుగుతాను, ఊరికే. ఆ శరణు వేరే ద్వీపంలో ఉన్నవాళ్ళకి కూడా పనిచేస్తుందా? తప్పు పైకి చెప్పాలా, మనసులో అనుకుంటే చాలదా? ఊరికేలే.

హినానో


కైమాలూ
జులై 15

అక్కకి,

నువ్వు ఊరికే అడిగినవి నేను పిలిపో తాతని అడగలేదు. అడగడానికి కూడా క్యూ ఉంది.

చిన్నమామ బొప్పి ఊరంతా చూసింది. మర్నాడే పొరుగింటాయన వచ్చాడు. ఆయన మేక చర్చి కిటికీలోంచి పాటల పుస్తకం తినేసింది, ఆయన ఆరు నెలలుగా గాలివాన మీద నెట్టాడు. తర్వాత పాటల బృందంలో ఇద్దరు వదినామరదళ్ళు. ఒకరి గొంతుని మరొకరు తప్పుపట్టారు కాబట్టి ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు దూరారు. నా పని సంచి పక్కన నిలబడి "వెళ్ళండి" అనడం. మొదట్లో పెదవులు మాత్రమే కదిపేదాన్ని. వినబడటం లేదని ఫిర్యాదు వచ్చింది. ఇప్పుడు వినబడేలా అంటున్నాను.

అత్త కట్టుబాట్లు పెట్టింది. చెప్పులు బయట విడవాలి. చేపల చేత్తో ముట్టుకోకూడదు. పక్కవాడి తప్పు చెప్పకూడదు, ఎవరిది వాళ్ళే. సోమవారం సెలవు. పిలిపో తాత ఇంకొకటి కలిపాడు. బొప్పి కడితేనే శరణు దొరికినట్టు, లేకపోతే మనసులో ఏదో దాచినట్టు. దాంతో దూరినవాళ్ళందరూ గట్టిగా లాక్కుంటున్నారు. ఆదివారం చర్చిలో ఏ వరస చూసినా బొప్పులే. టోపీలు పెట్టుకున్నవాళ్ళని అనుమానంగా చూస్తున్నారు. కిందటివారం పాస్టరు తన పాత ప్రసంగమే పేర్లు మార్చి చెప్పానని ఒప్పుకుని నెత్తి రుద్దుకుంటూ వెళ్ళాడు.

నెత్తికి తగిలేదేమిటని ఒక్కడూ పైకి చూడడు. లోపల చీకటి, పైగా భయం. చిన్నమామ మాట మీద నిలబడ్డాడు, ఎవరికీ చెప్పలేదు.

అత్త మాత్రం ఒక్కసారీ సంచిలోకి దూరలేదు. "నాకేం తప్పులున్నాయి?" అంటుంది. శనివారం కొట్టంలో ధబ్ ధబ్ ఆగలేదు. మొన్న చెవి పెట్టి విన్నాను. రాయి చప్పుడు కాదు. మెత్తగా, లోతుగా ఉంది. నాకు ఇంకా భయం వేసింది.

విందు ఆగస్టు మూడున. పంతొమ్మిది రోజులు. ఊరందరికీ "వెళ్ళండి" చెప్పి పంపుతున్నాను. ఆ రోజు నాకు చెప్పేవాళ్ళెవరు? మామూలు "వెళ్ళు" కాదక్కా, పుట్టింటికి వెళ్ళు అంటే ఏం చెయ్యను? పుట్టిల్లంటే ఇప్పుడు నువ్వొక్కతెవే. నువ్వేమో వానలంటావు.

ఉయిలాని


కైమాలూ
ఆగస్టు 6

అక్కకి,

అయిపోయింది. వరసగా రాస్తాను.

మొదటి రోజు వేట బాగా సాగింది. మేత ఒంటబట్టిందని చిన్నమామ అందరితో అన్నాడు, అందరూ ఆయన బుట్టకేసి చూశారు. పెరట్లో చాపలు పరిచారు. మధ్యలో దంపుడు పలక. దాని పక్కన పొగలు కక్కుతున్న చేమదుంపలు. ఊరంతా చుట్టూ కూర్చుంది. అత్త కొత్త గౌను వేసుకుని పలక ముందు కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది. నా మీద కోపమనుకున్నాను.

"లువానా, రాయి తియ్యి. కోడలి చేతిలో పెట్టు," అన్నాడు పిలిపో తాత.

అత్త కదల్లేదు. "ఎండ ఎక్కువగా ఉంది. వచ్చే ఏడు పెడదామా?" అంది.

"ఏడు తరాలుగా ఎండ లేదా?"

అత్త దుంపల్ని చూసింది. దుంపల పొగని చూసింది. నన్ను తప్ప అన్నిటినీ చూసింది.

నేను లేచాను. ఎందుకు లేచానో తెలియదు. ఇంట్లోకి వెళ్ళి మేకు మీంచి సంచి తీసుకుని, పలక ముందుకి వచ్చి, నెత్తిన బోర్లించుకున్నాను. పిడి ఠంగున తగిలింది.

అక్కా, లోపల ఎంత బాగుందో! చీకటి. ఊరందరి తలల కొబ్బరినూనె వాసన. ఎవరి ముఖమూ కనబడదు. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. రాయి విరగ్గొట్టానని చెప్పాను. బుధవారమని చెప్పాను, రెండో దెబ్బకని చెప్పాను. జిగురు సంగతి చెప్పాను. మీ అందరి బొప్పులూ దీనివల్లే, గోడ వల్ల కాదని చెప్పాను. ఇక ఆగలేదు. అత్త కూరలో ఉప్పు ఎక్కువని చెప్పాను. నాహోవా పడవకి రంగు వేస్తానని ఏడాదిగా అంటున్నాడని చెప్పాను. నా చెయ్యి పండలేదంటారు, పండనిస్తే కదా పండేది అన్నాను. నన్ను పంపించెయ్యకండి అని కూడా అన్నాను. పుట్టినప్పటి నుంచీ నేను మాట్లాడినవన్నీ కూడినా అంత ఉండవు.

మాటలు అయిపోయాయి. ఎవరైనా మాట చెబుతారని చూశాను. అప్పుడు సంచి అంచు పైకి లేచింది. వెలుగు వచ్చింది. వెలుగుతోపాటు అత్త తల వచ్చింది.

ఆమె కూడా నా సంచిలోకే దూరింది! ముక్కుకి ముక్కు తగిలింది. మధ్యలో పిడి.

"నోరు ముయ్యవే, చెవులు గింగురుమంటున్నాయి," అని గుసగుసగా అంది. "రాయి లేదని ఆ శనివారమే చూశాను."

"మరి అడగలేదేం అత్తా?"

"అడిగితే వెతుకుతారు. దొరికితే దంచి చూపించమంటారు. నా భుజం పోయి పదకొండేళ్ళయిందే. ఈ చేత్తో దువ్వెన కూడా ఎత్తలేను. ప్రతి శనివారం ఊళ్ళోకి కూరగాయలకని వెళ్ళి కొట్లో ముద్ద పొట్లాలు కొనుక్కొస్తున్నాను. కొట్టం తలుపు వేసుకుని గిన్నెలో పిండి, గంటసేపు కాలితో పలకని తంతాను. బయటికి చప్పుడు వినబడాలి కదా."

"కాలితోనా?"

"మడమతో. మీ మామ బతికున్నప్పటి నుంచీ అంతే. 'లువానా, నీ చేతి ముద్దకి సాటి లేదు' అనేవాడు పాపం. ఆయన పోయేటప్పుడు కూడా పొట్లం ముద్దే తిని పోయాడు." ఆమె ముక్కు నా బుగ్గకి తడిగా తగిలింది. "ఈ సంగతి ఈ సంచి దాటకూడదు. నాకు మాట చెప్పు."

"ముందు మీరు నాకు చెప్పండి."

"వెళ్ళమని చెప్పను. నువ్వు వెళితే శనివారాలు నాకెవరు?"

నేనూ వెళ్ళమని చెప్పలేదు. కాసేపు అలాగే ఉన్నాం. బయట పిలిపో తాత, "బతికున్నారా?" అని అడిగాడు.

ఇద్దరం బయటికి వచ్చాం. ఇద్దరికీ బొప్పులు. అత్త సంచిని పట్టుకుని ఊరందరికీ చూపించి చెప్పింది.

"కోడలు చెప్పింది విన్నారుగా. రాయి విరిగింది, భయపడింది, గోడ లోపలికి పారిపోయింది. శరణు జొచ్చినదాన్ని లాగేవాళ్ళెవరైనా ఉంటే రండి."

ఎవరూ రాలేదు. పిలిపో తాత తన బొప్పి తడుముకుని, "ఏడు తరాల కోడళ్ళ చేతి పిడి తగిలిన శరణు, ఇంతకంటే గట్టిది ఎక్కడుంది?" అన్నాడు. ఉమ్మెయ్యమంటే వెనక్కి వెళ్ళినవాడు అందరికంటే ముందు తల ఊపాడు. దుంపల్ని ఉడికినవి ఉడికినట్టే ఉప్పు అద్దుకుని తిన్నారు. చిన్నమామ, "ఇన్నేళ్ళకి ఈ ఇంట్లో ముద్ద కానిది తిన్నాం, ఎంత బాగుంది" అంటే అత్త ఈసారి గరిటె దింపుకోలేదు. నాహోవా నా పక్కన కూర్చుని చాలాసేపు నన్నే చూసి, "నీకు ఇన్ని మాటలు వచ్చా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే పడవకి రంగు వెయ్యడం మొదలుపెట్టాడు.

అత్త సంగతి సంచి దాటకూడదంది. సంచి పంపింది నువ్వే కాబట్టి నువ్వు సంచి లోపలి మనిషివే, అందుకే రాశాను. ఈ శనివారం నుంచి నన్నూ కొట్టంలోకి రమ్మంది. నా మడమలు గట్టివట, త్వరగా పండుతాయట.

ఇక బొంత గురించి అడగను అక్కా. వానలు ఆగినప్పుడే ఆగుతాయి.

ఉయిలాని


కలిహి, హొనొలులు
ఆగస్టు 14

ఉయీ,

నిన్న కొట్టు వెనక గదిలో ఎవరూ లేనప్పుడు సంచుల దొంతరలోంచి ఒకటి తీసి నెత్తిన బోర్లించుకున్నాను. పైకే చెప్పాను. నీకూ రాస్తున్నాను.

విమానం రద్దవలేదు. నీ పెళ్ళికి వారం ముందు బొంత కొంచెం మురికిగా ఉందని వీధిలోని ఉతుకు యంత్రంలో వేశాను. ఎర్ర ఆకులు, తెల్ల నేల. బయటికి తీసేసరికి అంతా గులాబీ రంగు. అమ్మ ఆరేళ్ళు కుట్టిన ఆకు ఎక్కడ ఉందో, నేల ఎక్కడ ఉందో తెలియలేదు. విమానాశ్రయం దాకా వెళ్ళాను. బొంత ఒళ్ళో పెట్టుకుని మూడు గంటలు కూర్చుని, లేచి ఇంటికి వచ్చేశాను. నీ ముఖం చూడలేక. "ఒప్పుకోవడంలో సిగ్గేముంది" అని నీకు రాసింది ఆ బొంత కప్పుకునే.

అంతా చెప్పి సంచి తీశాను. నెత్తి తడుముకున్నాను. బొప్పి లేదు. కొట్లో సంచికి రాయి ఉండదు కదా. పిలిపో తాత లెక్కన నాకు శరణు దొరకనట్టేనా?

ఆ ఒక్క మాట ఉత్తరంలో పంపగలవా?

హినానో


కైమాలూ
ఆగస్టు 20

అక్కకి,

ఆ మాట ఉత్తరంలో పంపను. అది వెళ్ళేవాళ్ళకి.

నువ్వు రా. గులాబీ బొంత తీసుకునే రా. సంచి మేకుకి ఉంది, బొప్పి ఇక్కడే కట్టాలి. సోమవారం సెలవు అని రాశాను కదా, నీకోసం తెరిపిస్తాను. అత్తతో నేనే చెప్పాను, పూర్తిగా, ఒకే మాటలో.

ఉయిలాని